గోదాలో గెలుపు ఎవరు రాస్తారు?

విశాఖపట్నంలో బీచ్ రోడ్డు వెంట నడిచేవారికి ఒక బలశాలి విగ్రహం కనిపిస్తుంది. ఆయన పేరు కోడి రామమూర్తి నాయుడు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో సాము, కుస్తీ నేర్చి, తరువాత సర్కసుతో దేశదేశాలు తిరిగాడు. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచేవాడు. ఛాతీ మీద బల్ల పెట్టించుకుని, దాని మీదికి ఏనుగును ఎక్కించుకునేవాడు. జనం ఆయనను కలియుగ భీముడని పిలిచారు. 1942లో ఆయన కన్ను మూశాడు.

ఆయన బలం నిజమైన బలం. అందులో సందేహం లేదు. కాని సర్కసు అన్నది ఒక ప్రదర్శన. ఏ అంశం ముందు రావాలి, ఏది చివర రావాలి అన్నది డేరాలో జనం కూర్చోక ముందే నిర్ణయం అయిపోతుంది. ఏనుగును మొదటే తెచ్చేస్తే ఆ తరువాత కోతి సైకిలు తొక్కడం చూడటానికి ఎవరు కూర్చుంటారు? బలం వస్తాదుది, వరుస మాత్రం సర్కసు యజమానిది. పిల్లలూ, ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే ఇక మీద చెప్పబోయేదంతా తేలికగా అర్థమవుతుంది.

మీలో చాలామంది టెలివిజన్‌లో రెజ్లింగ్ చూస్తారు. నాలుగు స్తంభాలు, మూడు వరసల తాళ్ళు, మధ్యన గోదా, చుట్టూ కేకలు. మీ నాన్నగారు చిన్నతనంలో, అంటే 1990ల్లో, ఇదే ఆటను ముక్కలతో ఆడి వుంటారు. వాటిని ట్రంప్ కార్డులు అనేవారు. ఒక్కొక్క ముక్క మీద ఒక వస్తాదు బొమ్మ, అతని ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, కండల కొలత, ఎన్నిసార్లు పోరాడాడు, ఎన్నిసార్లు గెలిచాడు అని అంకెలు వుండేవి. మీ తాతగారిని అడిగితే దారాసింగు, కింగ్ కాంగుల కుస్తీ సంగతి చెబుతారు. ఆ దారాసింగే తరువాత 1987లో టెలివిజన్ రామాయణంలో హనుమంతుడి వేషం వేశాడు.

తాత, తండ్రి, కొడుకు—ముగ్గురి కాలంలోనూ ఒక వాదన మాత్రం మారలేదు. "వాడు అంత బాగా పోరాడతాడు కదా, వాడినెందుకు ఎప్పుడూ ఓడిస్తారు?"

గాజువాకలో ఏదో ఒక బడిలో విశ్రాంతి గంట కొట్టారనుకోండి. ఇద్దరు స్నేహితులు ఇలా కీచులాడుకుంటారు:

"పదకొండేళ్ళు చాకిరీ చేసినోణ్ణి పది సెకన్లలో ఓడించేత్తారేటి? ఇదేం నాయం?"

"మరేటి చేత్తారు? అందరికీ తలో బెల్టూ పంచడానికి అదేటి పుట్టినరోజు చాక్లెట్టా?"

ఇద్దరి మాటలోనూ నిజం వుంది. ఎవరి మాటలో ఎంత నిజం వుందో తేల్చాలంటే ముందు ఆ ఆట ఎలా నడుస్తుందో తెలియాలి.

కుస్తీలు రెండు రకాలు. ఒలింపిక్ క్రీడల్లో జరిగేది పోటీ. అక్కడ ఎవరు గెలుస్తారో పోరాడే ఇద్దరికీ తెలియదు. టెలివిజన్‌లో వచ్చేది ప్రదర్శన. అక్కడ ఎవరు గెలవాలో ముందుగా రాసి వుంటుంది. ఇదేదో పుకారు కాదు. 1989లో అమెరికాలో అతి పెద్ద రెజ్లింగ్ కంపెనీవారు న్యూజెర్సీ రాష్ట్రపు చట్టసభ వారికి తామే ఈ మాట చెప్పుకున్నారు. మాది పోటీ కాదు, వినోదం. కాబట్టి పోటీలకు వుండే నిబంధనలు మాకు వద్దు అని. ఆ కంపెనీయే ఇప్పటి డబ్ల్యూ.డబ్ల్యూ.ఇ.

మొదటి నుంచీ ఇలాగే వుండేదా? లేదు. అసలైన పోటీకి ఒక చిక్కు వుంది. సమవుజ్జీలు తలపడితే అది ఎంతసేపు సాగుతుందో ఎవరూ చెప్పలేరు. 1910 సెప్టెంబరు 10న లండనులో మన గామా పహిల్వానుకూ, పోలండు దేశపు జబిస్కోకూ కుస్తీ జరిగింది. జబిస్కో నేలకు కరుచుకుని బోర్లా పడుకున్నాడు; గామా అతన్ని వెల్లకిలా తిప్పలేకపోయాడు. రెండున్నర గంటలు దాటినా ఫలితం తేలలేదు. డబ్బిచ్చి టిక్కెట్టు కొన్నవాడికి అది ఏం వినోదం చెప్పండి?

అందుకని 1920లలో అమెరికాలో ఎడ్ లూయిస్ అనే వస్తాదూ, అతని మేనేజరు బిల్లీ సాండో, టూట్స్ మాంట్ అనే మరొకాయనా కలిసి ఆట రూపం మార్చారు. పోరాటానికి కాలపరిమితి పెట్టారు. చూడటానికి కళ్ళు చెదిరే పట్లు, విసుర్లు చేర్చారు. ఒక్కొక్క కుస్తీని వచ్చే నెల కుస్తీతో కథలా ముడివేశారు. క్రమంగా గోదా నాటకరంగమైంది.

నాటకం అన్నాక మంచివాడుండాలి, చెడ్డవాడుండాలి. మన వీధినాటకంలో దుర్యోధనుడు గద ఎంత బాగా తిప్పినా, తెల్లవారేసరికి తొడ విరిగి పడవలసిందే. ఆ వేషగాడు బలహీనుడని ఎవరూ అనుకోరు. పైగా, దుర్యోధనుడు దీటుగా నిలబడితేనే భీముడు గొప్పవాడవుతాడు. రెజ్లింగులో కూడా అంతే. ఎవరికి ఏ వేషం, ఎవరి మీద ఎవరు గెలవాలి, ఎంతసేపట్లో గెలవాలి అని రాసేవాణ్ణి వాళ్ళ భాషలో బుకర్ అంటారు. మనం సూత్రధారుడు అందాం.

"అయితే అంతా అబద్ధమేనా?" అని మీలో ఒకరు అడగవచ్చు. కాదు. ఫలితం మాత్రమే ముందు రాసింది. పడటం నిజం. దెబ్బ నిజం.

ఎత్తి విసిరిన మనిషి ఎముకలు విరగకుండా ఎలా లేస్తున్నాడు? ఇందులో కొంత విజ్ఞానశాస్త్రం వుంది. గోదా అడుగున ఉక్కు దూలాలు, వాటి మీద చెక్క పలకలు, ఆ పైన పలచని మెత్త, దాని పైన కాన్వాసు గుడ్డ వుంటాయి. మనిషి పడినప్పుడు పలకలు కొద్దిగా వంగుతాయి. దానివల్ల అతని వేగం ఒక్కసారిగా కాక, కొంచెం ఆలస్యంగా ఆగుతుంది. ఆగడానికి ఎక్కువ కాలం పడితే దెబ్బ బలం తగ్గుతుంది. విశాఖ రేవులో ఓడ గట్టుకు ఆనుకునే చోట పెద్ద పెద్ద రబ్బరు దిమ్మలు కట్టేదీ ఇందుకే. వేల టన్నుల ఓడ రాతిగోడకు తగిలితే ఓడకూ ముప్పే, గోడకూ ముప్పే. రబ్బరు నొక్కుకుపోతూ ఓడను మెల్లగా ఆపుతుంది.

రెండో కిటుకు వైశాల్యం. మోచేతి మొన 10 చదరపు సెంటీమీటర్లు, వీపు 1000 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. ఒకే బలంతో పడినా, వీపంతా ఒక్కసారి ఆనితే ఒక్కొక్క చదరపు సెంటీమీటరు మీద పడే వత్తిడి నూరో వంతే. అందుకనే వాళ్ళు గడ్డాన్ని ఛాతీకి ఆనించి, తల నేలకు తగలకుండా, వీపునూ చేతులనూ బల్లపరుపుగా వేసి పడతారు. ఇది నేర్వడానికి నెలల తరబడి గురువు దగ్గర అభ్యాసం చెయ్యాలి. ఎంత నేర్చినా ప్రమాదాలు తప్పవు. డేనియల్ బ్రయన్ అనే పేరుపొందిన వస్తాదు తలకు పదే పదే దెబ్బలు తగిలి 2016లో గోదా వదలవలసి వచ్చింది. రెండేళ్ళ తరువాతగాని వైద్యులు మళ్ళీ ఒప్పుకోలేదు. కాబట్టి పిల్లలూ, మంచం మీదా, బడిలోనూ, ఇసుకలోనూ ఎక్కడా ఈ పట్లు పట్టకండి. మీ ఇంటి గచ్చు కింద వంగే పలకలు లేవు.

ఇప్పుడు అసలు వాదనకు వద్దాం. చేవ వుండీ అవకాశం రాని వస్తాదు సంగతి ఏమిటి?

మళ్ళీ గామా కథే చూడండి. లండను వెళ్ళినప్పుడు అతడు పొట్టివాడని మొదట పోటీలోకి రానివ్వలేదని చెబుతారు. అతడేం చేశాడు? ఎవరు వచ్చినా పడగొడతానని సవాలు విసిరాడు. రోలర్ అనే అమెరికా వస్తాదును ఓడించాడు. తరువాత జబిస్కోతో తలపడ్డాడు. వారం రోజులకు మళ్ళీ కుస్తీ పెడితే జబిస్కో రానేలేదు. 1928లో పాటియాలాలో ఇద్దరూ మళ్ళీ తలపడినప్పుడు గామా ఒక్క నిమిషం లోపలే అతన్ని పడగొట్టాడు. చూశారా? నిజమైన పోటీలో అవకాశం లేనివాడికి కావలసింది తలుపు తెరవటమే. లోపలికి వెళ్ళాక తన సంగతి తానే తేల్చుకుంటాడు.

ప్రదర్శనలో అలా కాదు. అక్కడ వస్తాదు ఎంత బలవంతుడైనా, సూత్రధారుడు రాయనిది గెలవలేడు. తన న్యాయాన్ని తాను చేసుకోలేడు. మరి అతని పక్షాన మాట్లాడేదెవరు? చూసేవాళ్ళే! కీచులాడుకునే ఆ ఇద్దరు స్నేహితులే!

ఇది వట్టి మాట కాదు. ఇందాక చెప్పిన బ్రయన్ భారీ మనిషి కాడు. 2012 ఏప్రిల్ 1న ఏడాదికల్లా పెద్ద ఉత్సవమైన రెజిల్‌మేనియాలో అతన్ని 18 సెకన్లలో ఓడించేశారు. జనానికి కోపం వచ్చింది. మర్నాటి నుంచి ఎక్కడ ఆట జరిగినా అతని పేరే కేకలు వేశారు. 2014 జనవరిలో ఒక పెద్ద పోటీలో అతనికి చోటు ఇవ్వలేదు. చివరి వస్తాదుగా వేరొకరు రాగానే, అతడు అందరికీ ఇష్టుడే అయినా, జనం గేలి చేశారు. చివరికి కంపెనీవారు రాసిన కథనే మార్చారు. 2014 ఏప్రిల్ 6న అదే రెజిల్‌మేనియాలో బ్రయన్ ఒకే రాత్రి రెండు కుస్తీలు గెలిచి, చాంపియన్ అయ్యాడు.

ఆడవాళ్ళ కుస్తీ సంగతి ఇంకా విచిత్రం. 2015 ఫిబ్రవరిలో ఒకనాడు మూడు గంటల కార్యక్రమంలో ఆడవాళ్ళ కుస్తీకి అర నిమిషం కేటాయించారు. వాళ్ళకు ఒక అవకాశం ఇవ్వండి అంటూ దేశదేశాల ప్రేక్షకులు రోజుల తరబడి గోల పెట్టారు. నాలుగేళ్ళు తిరిగేసరికి, 2019 ఏప్రిల్ 7న, రెజిల్‌మేనియాలో అన్నిటికన్నా చివరి కుస్తీ, అంటే సర్కసులో ఏనుగు వచ్చే చోటు, ముగ్గురు ఆడవాళ్ళకే ఇచ్చారు. ఈ మధ్యలో, 2017లో, హర్యానాకు చెందిన కవితాదేవి సల్వారు కమీజుతోనే ఆ కంపెనీ గోదాలో దిగింది. భారతదేశం నుంచి అలా దిగిన మొదటి మహిళ ఆమే.

అదే 2019 ఏప్రిల్ 7న కోఫీ కింగ్‌స్టన్ కూడా చాంపియన్ అయ్యాడు. ఘనా దేశంలో పుట్టిన ఇతడు 11 ఏళ్ళుగా అందరినీ నవ్విస్తూ, ఎగురుతూ, ఎవరు కోరితే వారి చేతిలో ఓడిపోతూ వచ్చాడు. ముస్తఫా ఆలీ అనే మరొక వస్తాదుకు గాయమై, ఆ చోటు ఖాళీ అయితే కోఫీని పంపారు. అతని పోరాటం చూసి జనం వదిలిపెట్టలేదు. అయితే ఆ ఏడాది అక్టోబరు 4న అతని బెల్టును పది సెకన్లలోపే లాగేసుకున్నారు. మన గాజువాక కుర్రవాడికి కోపం వచ్చింది ఇందుకే.

ఇంతవరకు ఒక పక్షం విన్నాం. రెండో పక్షం కూడా వినాలి.

సూత్రధారుడు ఏమంటాడు? "బెల్టు ఒక్కటి, వస్తాదులు వందమంది. ఒకడు గెలిస్తే ఒకడు ఓడక తప్పదు. బాగా ఓడటం కూడా ఒక విద్యే. ఎదుటివాడు పెద్దవాడుగా కనబడేట్టు పడటం అందరికీ చేతకాదు. ఎవరికి ఏ గాయం వుందో మీకు తెలియదు, నాకు తెలుసు. మీ వూళ్ళో చప్పట్లు కొట్టినవాడికి ఇంకో వూళ్ళో కొట్టకపోవచ్చు." ఇదంతా కాదనలేం. కోఫీకి చోటు దొరికిన రోజున, ముస్తఫా ఆలీని మెచ్చేవాళ్ళు ఎంత బాధపడ్డారో ఆలోచించండి.

పైగా, అవకాశం ఇచ్చినా వాదన ఆగదు. జిందర్ మహల్ కథ వినండి. ఇతడు కెనడాలో పుట్టిన పంజాబీ. ఏళ్ళ తరబడి ఎక్కువగా ఓడిపోయే వేషాలే ఇచ్చారు. 2017 ఏప్రిల్‌లో ఉన్నట్టుండి అతనికి చాంపియన్‌తో తలపడే హక్కు ఇచ్చారు. మే 21న రాండీ ఆర్టన్ మీద గెలిచి చాంపియన్ అయ్యాడు. "పదేళ్ళ ముందు, 2007లో, గ్రేట్ ఖలీ చాంపియన్ అయ్యాడు. ఇన్నాళ్ళకు మళ్ళీ మనవాడు!" అని కొందరు పొంగిపోయారు. "ఇది అతని విద్యకు కాదు, భారతదేశంలో టిక్కెట్లు అమ్ముకోవడానికి ఇచ్చారు" అని ఇంకొందరు పెదవి విరిచారు. నవంబరు 7న ఆ బెల్టు పోయింది. నెల తిరగగానే, డిసెంబరు 9న కంపెనీవారు ఢిల్లీ వచ్చినప్పుడు, మనవాళ్ళ మధ్యనే ట్రిపుల్ ఎచ్ చేతిలో జిందర్‌ను ఓడించారు. "మా ఇంటికి వచ్చి మావాణ్ణే ఓడిస్తారా?" అని మళ్ళీ గోల.

2023 సెప్టెంబరు 8న వాళ్ళు హైదరాబాదు వచ్చారు. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జాన్ సీనా, సెత్ రాలిన్స్ జంటగా పోరాడి గెలిచారు. సీనా పేరు విని పెరిగిన తెలుగు పిల్లలు అతన్ని కళ్ళారా చూసి మురిసిపోయారు. 2024 ఏప్రిల్‌లో జిందర్‌ను కంపెనీ వదిలేసింది. అతనికి న్యాయం జరిగిందా, లేదా? ఈనాటికీ తేలని వాదన ఇది.

తేలకపోయినా వాదించే పద్ధతి ఒకటి వుంది. ట్రంప్ కార్డు మీద "గెలిచినవి" అన్న అంకె చూపించి ఊరుకోకండి. ఆ అంకె వస్తాదు బలానికి కొలత కాదు. సూత్రధారుడు అతన్ని ఎన్నిసార్లు గెలిపించాడన్న లెక్క మాత్రమే. దానికి బదులు మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి: అతనికి తన విద్య చూపించేందుకు తగినంత సమయం ఇచ్చారా? అర నిమిషంలో ఎవరైనా ఏం చూపగలరు? రెండు: అతన్ని కాదన్నది విద్య చూసా, లేక ఎత్తు, రంగు, దేశం, ఆడామగా చూసా? మూడు: అతనికి ఇవ్వాలంటే ఎవరి దగ్గర తియ్యాలి? ఈ మూడో ప్రశ్నకు జవాబు చెప్పలేనివాడు అభిమాని కావచ్చుగాని, న్యాయమూర్తి కాలేడు.

పెద్దలకు ఒక మాట. ఈ ఆట అంతా కట్టుకథ అని తెలిసిన తరువాత పిల్లలు దానికోసం కీచులాడుకుంటూ వుంటే నవ్వి ఊరుకోకండి. వాళ్ళు తగాదా పడుతున్నది నిజానికి కుస్తీ గురించి కాదు. పనిచేసినవాడికి ఫలితం దక్కాలా, వద్దా అన్న దాని గురించి. ఉక్కు కర్మాగారంలో పనిచేసే తండ్రికీ, రేవులో పనిచేసే తండ్రికీ ఆ ప్రశ్న కొత్తది కాదు. భోజనాల దగ్గర ఆ వాదనలో మీరూ ఒక చెయ్యి వెయ్యండి.

పిల్లలూ, మీకూ ఒక మాట. సూత్రధారులు టెలివిజన్‌లోనే వుండరు. కబాడీకి జట్లు పంచేటప్పుడు నాయకుడు సూత్రధారుడు. వార్షికోత్సవానికి వేషాలు పంచేటప్పుడు మాస్టారు సూత్రధారుడు. ప్రతి ఏడూ చెట్టు వేషమో, ద్వారపాలకుడి వేషమో వేసే కుర్రవాడు మీ తరగతిలోనూ ఒకడు వుండే వుంటాడు. పద్యం ఎలా పాడతాడో ఎవరైనా ఒక్కసారైనా విన్నారా? అందరికీ కృష్ణుడి వేషం ఇవ్వడం కుదరదు, నిజమే. కాని వేషాలు పంచే ముందు అందరి గొంతూ వినడం కుదురుతుంది. ఈసారి ఆ కుర్రవాడి పేరు మీరే మాస్టారికి చెప్పి చూడండి.